ముందు ఎర్త్, తర్వాత గోడ, ఆఖరున ప్లగ్గు: కొత్త టీవీ బిగించుకునేవారికి

మీరు అడిగినవి నాలుగు. 55 అంగుళాల టీవీని గోడకు సొంతంగా బిగించుకోవచ్చా? సెట్ టాప్ బాక్సు, గేమ్ కన్సోల్, సౌండ్‌బార్ ఏది ఎక్కడ కలపాలి? సౌండ్‌బార్ నుంచి శబ్దం ఎందుకు రావట్లేదు? ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, ఏం జాగ్రత్త పడాలి? అన్నిటికీ జవాబు రాస్తాను. కానీ చివర్లో, పెద్ద విషయం కాదన్నట్టు, "కేబుల్ పెడుతుంటే చేతికి జివ్వుమంటోంది, ఇది మామూలేనా" అని ఒక ముక్క రాశారు చూడండి, ముందు దాని సంగతి తేల్చాలి. మిగతా పనులు వారం ఆగినా నష్టం లేదు. ఇది ఆగకూడదు.

ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లలో టీవీలు, స్పీకర్లు బిగించడమే నా పని. ఈ జివ్వుమనే మాట ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్క లేదు. "ఎప్పుడూ అంతేనండీ, అలవాటైపోయింది" అంటారు. అలవాటు చేసుకోవాల్సిన సంగతి కాదు.

అసలు జరిగేది ఇది. ఈ రోజుల్లో దాదాపు ప్రతి పరికరంలోనూ పవర్ సప్లై దగ్గర చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటును కాస్త నిల్వ ఉంచుకునే ముక్కలు) ఉంటాయి. కరెంటు లైను నుంచి పరికరం లోహపు భాగానికి వాటి ద్వారా అతి స్వల్పంగా కరెంటు కారుతుంది, మిల్లీ ఆంపియర్‌లో చిన్న వంతు. తయారీలో లోపం వల్ల కాదు, అది అలాగే పనిచేయాలి. రెండు పిన్నుల ప్లగ్గు ఉన్న పరికరాల్లో ఆ కరెంటుకు పోయే దారి ఉండదు కాబట్టి, చెయ్యి వెనక భాగంతో లోహాన్ని తాకితే సన్నగా గరగరలాడినట్టు ఉంటుంది. అంతవరకు మామూలే. మూడు పిన్నుల పరికరాల్లో మాత్రం ఆ కరెంటు ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలి. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక ఎర్త్ తీగే లేదనుకోండి, పరికరం ఒళ్లంతా దాదాపు సగం వోల్టేజి మీద కూర్చుంటుంది. సరఫరా 230 వోల్టులైతే మీటరు పెట్టినప్పుడు 115 దరిదాపుల్లో చూపిస్తుంది. నాలుగు పరికరాలను హెచ్‌డీఎంఐ తీగలతో (బొమ్మనూ శబ్దాన్నీ మోసే తీగలు) కలిపితే వాటి లోహపు భాగాలన్నీ ఒకటైపోతాయి, నాలుగింటి లీకేజీ ఒక చోట చేరుతుంది. మీకు జివ్వుమన్నది ఆ కూడికే కావచ్చు.

లీకేజీ ఒక్కటే అయితే మనిషికి హాని జరిగేంత ఉండదు. భయం వేరే చోట ఉంది. ఎర్త్ లేని ఇంట్లో రేపు ఏదో పరికరం లోపల తీగ తెగి దాని లోహపు ఒంటికి తగిలితే ఫ్యూజు పోదు, బ్రేకరు పడదు. తాకిన మనిషి గుండానే కరెంటు భూమిలోకి దిగుతుంది. అందుకే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి టీవీ సాకెట్‌లో ఫేజుకు (కరెంటు వచ్చే తీగ) న్యూట్రల్‌కు (తిరిగి పోయే తీగ) మధ్య, ఫేజుకు ఎర్త్‌కు మధ్య వోల్టేజి కొలిపించండి. రెండూ దాదాపు ఒకేలా రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఇంకొక్కటి కూడా చూడమనండి: సాకెట్ విప్పి, న్యూట్రల్ నుంచి ఒక చిన్న తీగ ముక్క తెచ్చి ఎర్త్ పిన్నుకు కలిపారేమో. అలా కలిపితే మీటరు అంతా బాగున్నట్టే చూపిస్తుంది. ఆ న్యూట్రల్ ఎక్కడైనా ఊడిన రోజున మీ టీవీ వెనక లోహమంతా పూర్తి వోల్టేజికి ఎక్కుతుంది. ఇలాంటి సాకెట్లు నేను నా చేత్తో విప్పి తీసేసినవి చాలానే ఉన్నాయి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి కారగానే సరఫరా తెంపేసే స్విచ్చి) లేకపోతే అదే రోజు పెట్టించుకోండి.

దీనికీ మీ హెచ్‌డీఎంఐ పోర్టుకూ సంబంధం ఉంది. ఒక ఇంట్లో టీవీ ఆన్‌లో ఉండగానే వాళ్లబ్బాయి వెనక నుంచి యాంటెన్నా కేబుల్ పెడుతున్నాడు. గది కాస్త చీకటిగా ఉంది. కేబుల్ చివర టీవీ పోర్టుకు తగిలీ తగలకముందే చిన్న నీలం రవ్వ కనబడింది, చిటుక్కుమంది. టీవీకి ఏమీ కాలేదు గానీ, దానికి కలిపి ఉన్న సెట్ టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ పోర్టు ఆ క్షణం నుంచి బొమ్మ ఇవ్వలేదు. రెండు పరికరాలు వేర్వేరు వోల్టేజీల మీద ఉన్నప్పుడు వాటిని కలిపితే ఆ తేడా అంతా ఆ సన్నటి పిన్నుల చుట్టూనే సర్దుకోవాలి. లోపలి చిప్ ఐదు వోల్టుల లోపు పనిచేసేది. తట్టుకుంటే తట్టుకుంటుంది, లేకపోతే లేదు.

అందుకని నా పని పద్ధతి ఒక్కటే, ఎవరింటికి వెళ్లినా మార్చను. ముందు అన్ని ప్లగ్గులూ పీకేయాలి. స్విచ్చి ఆపడం చాలదు, ఎందుకంటే స్విచ్చి సాధారణంగా ఒక తీగనే తెంపుతుంది. ఆ సాకెట్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే ఆపిన తర్వాత కూడా లోపల ఫేజు ఉంటుంది. ప్లగ్గులు పీకాక యాంటెన్నా, హెచ్‌డీఎంఐ, స్పీకర్ తీగలన్నీ కలపాలి. ఒకసారి చేత్తో తడిమి అన్నీ సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడాలి. కరెంటు ప్లగ్గు అన్నిటికన్నా చివర. మళ్లీ ఏదైనా తీగ మార్చాల్సి వస్తే మళ్లీ ప్లగ్గులు పీకే మార్చాలి. రెండు నిమిషాల పని ఎక్కువవుతుంది, అంతే.

వెనక మూత విప్పి చూడాలని మాత్రం అనుకోవద్దు. ప్లగ్గు పీకాక కూడా పవర్ సప్లై కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉంటుంది.

పవర్ గురించి ఇంకో రెండు మాటలు చెప్పి గోడ దగ్గరికి వస్తాను. 55 అంగుళాల ఎల్ఈడీ టీవీ మామూలుగా 100 నుంచి 150 వాట్లు తీసుకుంటుంది, ఆట ఆడేటప్పుడు కన్సోల్ 200 వాట్ల దాకా వెళ్తుంది. సౌండ్‌బార్, సెట్ టాప్ బాక్సు కలిపినా మొత్తం 500 వాట్ల లోపే. కాబట్టి ఒక మంచి స్పైక్ గార్డ్ మీద ఇవన్నీ పెట్టొచ్చు, లోడు సమస్య కాదు. సమస్య వదులు సాకెట్లతో వస్తుంది. ప్లగ్గు కాస్త కదిలేలా ఉంటే లోపల చిన్న చిన్న రవ్వలు పుట్టి వేడెక్కుతుంది. టీవీ గంటసేపు నడిచాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆ సాకెట్ మార్చాల్సిందే. ఒక ఎక్స్‌టెన్షన్‌లో ఇంకో ఎక్స్‌టెన్షన్ గుచ్చొద్దు, ఇస్త్రీ పెట్టె, హీటరు దాని మీద అసలే వద్దు. స్పైక్ గార్డ్‌లో సర్జ్‌ను (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజిని) అడ్డుకునే ముక్క దెబ్బ తగిలినప్పుడల్లా కొంత అరిగిపోతుంది. రక్షణ ఉందని చూపే దీపం ఉంటే అది వెలుగుతోందో లేదో అప్పుడప్పుడూ చూడండి. దగ్గర్లో పిడుగులు పడుతుంటే ఏ స్పైక్ గార్డూ చాలదు. కరెంటు ప్లగ్గూ, డాబా మీద నుంచి వచ్చే డిష్ కేబులూ రెండూ పీకేయాలి, అదీ ఉరుములు దగ్గరికి రాకముందే. చాలామంది ప్లగ్గు పీకి కేబుల్ వదిలేస్తారు, పిడుగు ఆ దారిన వస్తుంది.

ఇప్పుడు పాప సంగతి. మీరు పంపిన వివరం ప్రకారం టీవీ ఇప్పుడు సొరుగులున్న సన్నటి బల్ల మీద ఉంది. గోడకు ఎక్కేదాకా అది నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఫ్లాట్ టీవీ పొడవుగా, పల్చగా ఉంటుంది, కాళ్లు రెండు చివర్లలో సన్నగా ఉంటాయి. పై అంచు పట్టుకుని చిన్న పిల్ల వేలాడితే చాలు, ముందుకు వాలుతుంది. పిల్లలు సొరుగు లాగి దాన్ని మెట్టులా చేసుకుని ఎక్కుతారు, అప్పుడు బల్లా టీవీ రెండూ కలిసి మీదికి వస్తాయి. కాబట్టి ఇవాళే టీవీ వెనక ఉండే స్క్రూ రంధ్రాలకు పట్టీ బిగించి గోడకు కట్టండి, దాంతోపాటు బల్లను కూడా గోడకు బిగించండి. టీవీ కాళ్లు రెండూ పూర్తిగా బల్ల మీద ఉన్నాయో లేదో చూడండి, అర అంగుళం బయటకు వచ్చినా వద్దు. రిమోటు, బొమ్మలు, పాపకు ఇష్టమైన వస్తువులు ఏవీ టీవీ పైనా వెనకా పెట్టొద్దు. ఎక్కడానికి కారణం మనమే ఇస్తున్నట్టు అవుతుంది.

గోడకు సొంతంగా బిగించుకోవచ్చా అంటే, గోడను బట్టి చెప్పాలి. కాంక్రీటు గోడైనా, గట్టి ఇటుక గోడైనా, సుత్తి డ్రిల్ వాడటం మీకు తెలిసి, పట్టుకోవడానికి ఇంకో పెద్ద మనిషి ఉంటే నిశ్చింతగా చేసుకోండి. బోలు బ్లాకుల గోడైనా, జిప్సం బోర్డు గోడైనా పని తెలిసినవాళ్లను పిలవండి. జిప్సం బోర్డు వెనక నిలువు చట్రం ఎక్కడుందో పట్టుకుని బోల్టు అందులోకే దిగాలి. గోడ రంధ్రంలో దిగ్గొట్టే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు అక్కడ టీవీని మోయదు. వేలి గణుపులతో గోడను తట్టి చూడండి, గట్టి గోడ మొద్దుగా పలుకుతుంది, బోలు గోడ డప్పులా పలుకుతుంది.

గట్టి గోడలో కూడా జనం చేసే పొరపాటు ఒకటుంది. గోడ మీద మొదట ఉండేది ఇటుక కాదు, సిమెంటు పూత. అది అరంగుళం ఉండొచ్చు, ఎక్కువా ఉండొచ్చు. ప్లాస్టిక్ ప్లగ్గులో చాలా భాగం ఆ పూతలోనే ఉండిపోతే, మొదటి రోజు గట్టిగానే అనిపిస్తుంది. బోల్టు బిగిస్తుంటే బాగానే పట్టుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ పూత పొడి రాలి, బ్రాకెట్ పై అంచు గోడ నుంచి ఒక కాగితం దూరేంత ఎడం వస్తుంది. అలా ఎడం వచ్చిన బ్రాకెట్‌ను ఒకచోట నేను చేత్తో పట్టుకుని లాగితే పై బోల్టులు రెండూ బూడిదలోంచి వచ్చినట్టు వచ్చేశాయి. దాని కింద మంచం ఉంది.

అందుకే డ్రిల్ చేస్తున్నంతసేపూ నేను కన్ను గోడ మీద కాదు, రాలే పొడి మీద పెడతాను. ఇటుక గోడలో మొదట బూడిద రంగు పొడి వస్తుంది, అది పూత. కాసేపటికి ఎర్ర పొడి మొదలవుతుంది, అక్కడి నుంచి ఇటుక. ఆ ఎరుపు మొదలైన చోటు నుంచి ప్లగ్గు పూర్తి పొడవు పట్టేంత లోతుకు పోవాలి. డ్రిల్ ఒక్కసారిగా లోపలికి దూసుకుపోతే ఇటుకల మధ్య సందులో పడ్డారన్నమాట, లేదా ఇటుక బోలుగా ఉంది. ఆ రంధ్రాన్ని నమ్మొద్దు, కొద్దిగా పక్కకు జరిపి మళ్లీ వేయండి. బ్రాకెట్‌లో అందుకే అన్ని పొడవాటి రంధ్రాలు ఇస్తారు. రంధ్రం వేశాక లోపలి పొడిని ఊదో బ్రష్షుతోనో పూర్తిగా తీయాలి, కళ్లకు అద్దాలు పెట్టుకునే ఊదండి. పొడి ఉండిపోతే ప్లగ్గు గోడను పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది.

ఇంకో సంగతి, డ్రిల్ పెట్టే ముందు గోడ లోపల ఏముందో ఊహించండి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా, కిందా, అదే ఎత్తులో పక్కకూ తీగల పైపు పోయే అవకాశం ఎక్కువ. ఆ గీతల మీద రంధ్రం వేయొద్దు. గోడకు అవతల స్నానాల గది ఉంటే నీళ్ల పైపులు ఉంటాయి. తీగలను, లోహాన్ని పసిగట్టే చిన్న డిటెక్టర్ దొరుకుతుంది, వాడండి. డ్రిల్ చేసేటప్పుడు ఆ గది బ్రేకరు ఆపి, కరెంటు వేరే గది నుంచి తెచ్చుకోండి.

టీవీని ముందుకు లాగేందుకు మడత చెయ్యి ఉండే బ్రాకెట్ తీసుకుందామని మీరు అనుకుంటున్నారు. అవసరం లేకపోతే వద్దంటాను. లెక్క చూడండి. మీ టీవీ బరువు 18 కిలోలు, గోడ పలకలో పై బోల్టుకూ కింది అంచుకూ మధ్య 20 సెంటీమీటర్లు అనుకుందాం. గోడకు ఆనుకుని ఉండే బ్రాకెట్‌లో టీవీ బరువు గోడకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 18ని 5తో హెచ్చించి 20తో భాగిస్తే నాలుగున్నర కిలోలు. పై బోల్టులను గోడలోంచి బయటికి లాగే బలం అంతే. అదే టీవీని చెయ్యి చాచి 50 సెంటీమీటర్లు ముందుకు తెస్తే ఆ బలం 45 కిలోలు అవుతుంది. టీవీ మారలేదు, గోడ మారలేదు, లాగుడు పది రెట్లయింది. ఆ పైన రెండేళ్ల పాప చేతికందితే చెప్పక్కర్లేదు. గట్టి కాంక్రీటు అయితే తప్ప, ఇంట్లో పిల్లలున్నంతకాలం గోడకు ఆనే బ్రాకెట్టే మేలు. బ్రాకెట్ మోయగల బరువు మీ టీవీ బరువుకు కనీసం రెండింతలు ఉన్నది చూసుకోండి.

టీవీ వెనక ఉండే నాలుగు రంధ్రాల మధ్య దూరాన్ని వెసా కొలత అంటారు, మిల్లీమీటర్లలో చెబుతారు: 200 బై 200, 300 బై 300, 400 బై 400 ఇలా. మొదటి అంకె అడ్డం, రెండోది నిలువు. తెర సైజును బట్టి ఊహించొద్దు, స్కేలు పెట్టి కొలవండి. స్క్రూలు ఎక్కువగా ఎం6 గానీ ఎం8 గానీ ఉంటాయి. పొడవు విషయంలో జాగ్రత్త: పొట్టి స్క్రూ రెండు చుట్లు పట్టుకుని ఊరుకుంటుంది, పొడుగు స్క్రూ లోపల బోర్డునో ప్యానెల్‌నో గుచ్చుతుంది. ముందు బ్రాకెట్ లేకుండా ఉత్త చేత్తో స్క్రూ తిప్పి ఎంత లోతు పోతుందో చూసుకోండి. బ్రాకెట్ మందం, వాషర్ కలిపాక కూడా కనీసం ఐదారు చుట్లు లోపలికి పోవాలి. బిగించడం చేతి స్క్రూడ్రైవర్‌తోనే, పవర్ డ్రిల్ పెట్టొద్దు.

ఎత్తు గురించి ఒక్క మాట. దాదాపు అందరూ టీవీని ఎక్కువ ఎత్తులో పెడతారు, నిలబడి గుర్తు పెట్టుకుంటారు కాబట్టి. సోఫాలో కూర్చోండి, ఇంకొకరు గోడ మీద మీ కంటి ఎత్తు గుర్తు పెట్టాలి. నేల నుంచి 100, 110 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. తెర మధ్యభాగం అక్కడో, కొద్దిగా పైనో ఉండాలి. మెడ నొప్పి అంతా అక్కడే తీరిపోతుంది. 55 అంగుళాల తెరకు కూర్చునే దూరం 1.7 నుంచి 2.2 మీటర్ల మధ్య ఉంటే 4కె బొమ్మ వివరం కంటికి అందుతుంది.

ఎత్తి పెట్టే ముందు ఒక పని మర్చిపోకండి. టీవీని బల్ల మీదే ఒక రోజంతా నడపండి. తెరలో గీతలు, చచ్చిన చుక్కలు, చెవికి తగిలే శబ్దం ఏదైనా ఉంటే గోడకు ఎక్కకముందే తెలియాలి. వెనక పోర్టులకు, సీరియల్ నంబరు ఉన్న చీటీకి ఫోనులో ఫోటో తీసుకోండి. ఎక్కించాక ఏ పోర్టు ఎక్కడుందో చూడటానికి తల దూరదు. పోర్టులు వెనక్కి తిరిగి ఉంటే హెచ్‌డీఎంఐ తీగలు ముందే గుచ్చి ఉంచండి. ఇద్దరు చెరో వైపు కింది అంచు, పక్క అంచు పట్టుకుని నిలువుగానే ఎత్తాలి. తెర మీద బొటనవేళ్లు నొక్కొద్దు, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. కొక్కేలు కూర్చున్నాయన్న చిన్న శబ్దం రెండు వైపులా వినబడాలి. తర్వాత కింద ఉండే లాక్ స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ పెట్టకుండా వదిలేసిన టీవీని కింది నుంచి ఎవరైనా పైకి తోస్తే కొక్కెం ఊడిపోతుంది.

కరెంటు తీగను గోడ లోపల గాడి కొట్టి సిమెంటుతో పూడ్చేద్దాం అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. టీవీతో వచ్చిన మెత్తటి పవర్ తీగ గోడలో పూడ్చడానికి చేసింది కాదు, ఎక్కడైనా వేడెక్కినా నలిగినా బయటకు కనబడదు. టీవీ వెనకే కొత్త సాకెట్ పెట్టించండి. హెచ్‌డీఎంఐ తీగ మాత్రం వెడల్పాటి పైపులో పోనివ్వొచ్చు, కనెక్టర్ దూరేంత పైపు వేయించుకోండి.

ఇక తీగల కలయిక. మీ సౌండ్‌బార్ మూగగా ఉండటానికి కారణం నూటికి తొంభై ఈ కింది వాటిలోనే దొరుకుతుంది.

టీవీలో హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ ఒకటి కావు. మామూలు పోర్టులోకి బొమ్మ, శబ్దం లోపలికి మాత్రమే వస్తాయి. టీవీ నుంచి శబ్దం వెనక్కి బయటకు పంపే పోర్టు సాధారణంగా ఒక్కటే ఉంటుంది, దాని పక్కన ఆర్క్ అనో ఈ-ఆర్క్ అనో రాసి ఉంటుంది. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో, ఈ-ఆర్క్ 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చాయి. మీరు సౌండ్‌బార్‌ను హెచ్‌డీఎంఐ 1లో పెట్టానన్నారు. ఆ పోర్టు పక్కన ఆర్క్ అని లేకపోతే ఎంతసేపు చూసినా శబ్దం రాదు. రెండో వైపు కూడా చూడండి. సౌండ్‌బార్ వెనక రెండు హెచ్‌డీఎంఐ రంధ్రాలుంటే, టీవీ నుంచి వచ్చే తీగ ఔట్ అనీ ఆర్క్ అనీ రాసి ఉన్నదాంట్లో పెట్టాలి, ఇన్ అన్నదాంట్లో కాదు.

తీగ సరైన చోట ఉన్నా శబ్దం రాకపోతే టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ (కలిపిన పరికరాలు ఒకదాని మాట ఒకటి వినే సౌకర్యం) ఆన్ చేయండి. దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది, శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. చాలా టీవీల్లో ఇది ఆఫ్‌లో ఉంటే ఆర్క్ మేల్కోదు. తర్వాత సౌండ్ అవుట్‌పుట్ అన్నచోట టీవీ స్పీకర్ బదులు ఆర్క్ ఎంచుకోండి. సౌండ్‌బార్‌ను కూడా టీవీ ఆర్క్ ఇన్‌పుట్ మీదికి తిప్పండి. బ్లూటూత్ మీద ఉండిపోతే అది ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అన్నీ చేశాక రెండింటి ప్లగ్గులూ ఐదు నిమిషాలు పీకి మళ్లీ పెట్టండి. పాత పరిచయం మర్చిపోయి కొత్తగా పలకరించుకుంటాయి. ఇది వింతగా అనిపించినా ఎక్కువసార్లు పనిచేసేది ఇదే.

శబ్దం వచ్చి, కొన్ని ఛానళ్లలో మాత్రమే మాయమవుతుంటే, డిజిటల్ ఆడియో ఫార్మాట్ అన్నచోట పీసీఎం (కుదించని మామూలు ఫార్మాట్) పెట్టి చూడండి. దాంతో శబ్దం నిలకడగా వస్తే, ఆ ఛానల్ పంపే ఫార్మాట్ మీ సౌండ్‌బార్‌కు అర్థం కావట్లేదని తేలినట్టే. మాటకూ పెదవికీ పొంతన లేకపోతే ఆడియో డిలే అని ఒక సెట్టింగ్ ఉంటుంది, వార్తలు చదివేవారి పెదవులు చూస్తూ పది పది మిల్లీ సెకన్లు జరుపుకుంటూ పోండి.

ఆర్క్ ఎంతకీ కుదరకపోతే ఆప్టికల్ తీగ ఉంది. టీవీ రిమోటుతో వాల్యూమ్ మార్చడం కుదరకపోవచ్చు, అట్మాస్ (పై నుంచి కూడా వినిపించే డాల్బీ శబ్దం) రాదు, అంతే తేడా. పైగా అందులో పోయేది వెలుతురే గానీ కరెంటు కాదు కాబట్టి రెండు పరికరాల మధ్య లోహపు సంబంధమే ఉండదు. స్పీకర్లో గుయ్‌మనే హమ్మింగ్ ఎర్త్ తేడా వల్ల వస్తుంటే ఆప్టికల్ పెట్టగానే ఆగిపోతుంది. కొత్త తీగ చివర ప్లాస్టిక్ తొడుగు తీయకుండా గుచ్చి తంటాలు పడేవాళ్లు ఉంటారు, అది తీసి పెట్టండి. గట్టిగా మడవొద్దు.

గేమ్ కన్సోల్‌ను సౌండ్‌బార్ గుండా తిప్పకుండా నేరుగా టీవీకి కలపండి. చాలా సౌండ్‌బార్లు 4కె 120 హెర్ట్‌జ్ (సెకనుకు 120 సార్లు మారే) బొమ్మను దాటనివ్వవు. టీవీలో కూడా ఆ సామర్థ్యం ఉన్న పోర్టులు ఒకటో రెండో ఉంటాయి, పక్కన 120 హెర్ట్‌జ్ అని రాసి ఉంటుంది. అలాంటి పోర్టుల్లో ఒకటే ఈ-ఆర్క్ కూడా అయి కూర్చోవడం మామూలే, అప్పుడు సౌండ్‌బార్‌కు అదిచ్చి, మిగిలిన దాన్ని కన్సోల్‌కు ఇవ్వాలి. సెట్ టాప్ బాక్సుకు ఏ పోర్టైనా చాలు. ఆ తర్వాత టీవీ ఇన్‌పుట్ సెట్టింగుల్లో కన్సోల్ పెట్టిన పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ లాంటి పేరున్నది ఆన్ చేయాలి. అది చేయక, కన్సోల్ 4కెలో ఇవ్వట్లేదని కేబుల్ మీద కేబుల్ మార్చినవాళ్లను చూశాను.

కేబుల్ పెట్టె మీద 2.1 అన్న అంకె చూసి కొనొద్దు. చూడాల్సినవి ఈ పేర్లు: ప్రీమియం హై స్పీడ్ అని ఉంటే సెకనుకు 18 గిగాబిట్లు, 4కె 60 హెర్ట్‌జ్‌కు చాలు. అల్ట్రా హై స్పీడ్ అని ఉంటే 48 గిగాబిట్లు, మీ కన్సోల్‌కు అది కావాలి. బంగారు పూత వల్ల బొమ్మ రంగు మారదు. కేబుల్ చాలకపోతే బొమ్మ మసకబారదు, తెల్లటి చుక్కలు మెరుస్తాయి, లేదా ఉన్నట్టుండి తెర నల్లబడి తిరిగి వస్తుంది. ఆ గుర్తులు కనబడితే పొట్టి కేబుల్ పెట్టి చూడండి. ఐదు మీటర్లు దాటితే రాగి తీగ కన్నా లోపల ఫైబర్ ఉన్న హెచ్‌డీఎంఐ తీగ నమ్మకం. దానికి ఒక చివర సోర్స్, రెండో చివర డిస్‌ప్లే అని ఉంటుంది, తిరగేసి పెడితే పనిచేయదు. గోడ పైపులోకి లాగే ముందే అది చూసుకోవాలి.

మున్ముందు విడి స్పీకర్లు, ఆంప్లిఫయర్ పెడతానన్నారు. అప్పుడు తీగ చివర ఒలిచాక రాగి పోగులను గట్టిగా మెలిపెట్టండి. ఒక్క పోగు తప్పించుకుని ఎర్ర టెర్మినల్ నుంచి నల్లదానికి తగిలినా ఆంప్లిఫయర్ షార్ట్ అవుతుంది.

స్ట్రీమింగ్ స్టిక్‌ను టీవీ యూఎస్‌బీ పోర్టు మీద నడపొద్దు. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది అర ఆంపియరే, అది చాలక మధ్యమధ్యలో రీస్టార్ట్ అవుతుంది. దాని అడాప్టరే వాడండి. కన్సోల్‌ను మూసిన అలమరలో పెట్టొద్దు, చుట్టూ ఒక జానెడు ఖాళీ ఉండాలి.

ఇంకొక్కటి, ఇది పాప కోసం. కొన్ని సౌండ్‌బార్లతో వచ్చే చిన్న రిమోటులో గుండీ బ్యాటరీ ఉంటుంది. మీది అదే అయితే మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ రిమోటు పాపకు అందని చోట పెట్టి, టీవీ రిమోటుతోనే వాల్యూమ్ మార్చుకోండి, సీఈసీ ఆన్ చేశాక అది పనిచేస్తుంది. ఆ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కణజాలం కాలిపోవడం మొదలవుతుంది, పైకి ఏడుపూ దగ్గూ తప్ప ఏమీ కనబడకపోవచ్చు. మింగిందేమో అన్న అనుమానం వచ్చినా వాంతి చేయించొద్దు, తగ్గుతుందేమోనని చూడొద్దు, నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రిమోటు మీద గానీ బ్యాటరీ ప్యాకెట్ మీద గానీ ఉన్న నంబరు వెంట పట్టుకెళ్తే డాక్టరుకు పని తేలికవుతుంది.